నిద్ర ఎందుకు పట్టదు? ఆటిజం ఉన్న పెద్దవాళ్ల గురించి ఒక పాఠం

పరీక్షల ముందు మనం కావాలని మేలుకునే రాత్రుల మీద మన పత్రికలో చాలా జోకులే వచ్చాయి. నేను ఈసారి, పడుకోవాలని ఉన్నా నిద్ర పట్టని వాళ్ల గురించి రాస్తున్నా. అందులోనూ ఆటిజం ఉన్న పెద్దవాళ్ల గురించి. పెద్దవాళ్లంటే ముసలివాళ్లు కాదు, పద్దెనిమిది దాటినవాళ్లు. అంటే మన వయసువాళ్లు కూడా.

ఈ విషయం నేను చదవడానికి కారణం మా పెద్దమ్మ కొడుకు. అన్నకు ఇప్పుడు 26. వాళ్లది నల్లగొండ, మాది మహబూబ్‌నగర్. ఆటిజం అని తెలిసింది 22 ఏళ్లకు. అప్పటిదాకా ఇంట్లో దానికున్న పేరు బద్ధకం. రాత్రి నాలుగింటికి నిద్రపట్టేది, పగలు పదకొండింటికి లేచేవాడు. రెండు ఉద్యోగాలు పోయినయి. రెండూ పొద్దున ఎనిమిదింటికి మొదలయ్యేవే. పని రాక కాదు, అకౌంట్స్‌లో అన్నను మించినోడు మా చుట్టాల్లో లేడు. "ఫోన్ గుంజుకుంటే వాడే పండుకుంటడు" అని పెద్దనాయిన ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టాడు. అన్న ఫోన్ లేకుండానే నాలుగింటిదాకా గోడ చూసుకుంటూ పడుకున్నాడు. (ఇవన్నీ రాయొచ్చా అని అడిగే రాస్తున్నా. పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు.)

ముందు ఆటిజం అంటే ఏంటో రెండు ముక్కల్లో. ఇది జబ్బు కాదు, మెదడు ఎదిగే తీరులో పుట్టుకతో వచ్చే తేడా. ఎదుటివాళ్లతో మాట కలపడం, ముఖం చూసి మనసులో ఏముందో పట్టుకోవడం కష్టంగా ఉంటుంది. ఒకే పద్ధతి, ఒకే ఇష్టం మీద గట్టి పట్టు ఉంటుంది. శబ్దం, వెలుగు, బట్ట ముట్టుకుంటే వచ్చే స్పర్శ లాంటివి కొందరికి మరీ ఎక్కువగా, కొందరికి మరీ తక్కువగా తెలుస్తాయి. కొందరికి మాట రాదు, రోజంతా సాయం కావాలి. కొందరు మన పక్క బెంచీలో కూర్చుని కోడ్ రాస్తుంటారు. స్వలీనత అని ఒక మాట ఉందట, నేను దాన్ని ఎవరి నోటా వినలేదు. అందుకే ఆటిజం అనే రాస్తున్నా.

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి రాసిన పేపర్‌తో ఈ మాట వాడుకలోకి వచ్చింది. అప్పటి నుంచి ఆటిజం అనగానే అందరికీ పిల్లలే గుర్తొస్తారు. కానీ ఆ పేపర్‌లో మొదటి పిల్లాడైన డోనాల్డ్ ట్రిప్లెట్ పెరిగి పెద్దయి, బ్యాంకులో పనిచేసి, 2023లో 89 ఏళ్ల వయసులో చనిపోయాడు. పిల్లలు పెద్దవాళ్లవుతారు కదా, ఆటిజం వాళ్లతోపాటే ఉంటుంది. ఇంగ్లండ్‌లో 2007లో పెద్దవాళ్ల మీదే ఒక సర్వే చేస్తే, దాదాపు వందలో ఒకరికి ఆటిజం ఉందని తేలింది. వయసు పెరిగే కొద్దీ ఆ సంఖ్య తగ్గలేదు కూడా. మన దగ్గర 2018లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. దేశంలో ఐదు చోట్ల చేశారు, అందులో హైదరాబాద్ ఒకటి. ఆటిజంతో పాటు ఇంకా కొన్ని ఎదుగుదల సమస్యలను లెక్కపెట్టారు. కానీ లెక్కలోకి తీసుకున్నది 2 నుంచి 9 ఏళ్ల పిల్లలనే.

ఇక్కడ మన రాష్ట్రానికి సంబంధించిన విషయం ఒకటుంది. దేశమంతా ఆటిజం సర్టిఫికెట్ ఇవ్వడానికి వాడే కొలత సికింద్రాబాద్‌లో తయారైంది. మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఆ సంస్థ చేసిన కొలత పేరు ఐసా. మొత్తం 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. అంటే కనిష్ఠం 40, గరిష్ఠం 200. 70 దాటితే ఆటిజం ఉన్నట్టు, 153 దాటితే తీవ్రంగా ఉన్నట్టు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి కాబట్టి ఈ కొలత చాలామంది బతుకుల్లో నిజంగా పనికొచ్చింది, అందులో అనుమానం లేదు. కానీ ఆ 40 అంశాలు చదువుతూ పోతే రెండు కనపడ్డాయి. ఒకటి, ఒంటరిగా ఆడుకుంటాడా, ఆటలో తన వంతు కోసం ఆగగలడా లాంటి ప్రశ్నలు. 26 ఏళ్ల మనిషిని ఇవేం అడుగుతాం! రెండోది, నిద్ర గురించి ఒక్క అంశం కూడా లేదు. ఆటిజం ఉందా లేదా తేల్చడం దాని పని కాబట్టి తప్పు పట్టలేం. ఇబ్బంది ఏంటంటే, మా అన్న విషయంలో ఆ కాగితం నిండాక నిద్ర సంగతి ఇంకెవరూ అడగలేదు.

అడగాల్సిన అవసరం ఎంతుందో ఆస్ట్రేలియాలో తేలింది. మెల్‌బోర్న్‌లో లా ట్రోబ్ యూనివర్సిటీకి చెందిన ఎమ్మా బేకర్, అమాండా రిచ్‌డేల్ ఆటిజం ఉండి మేధో వైకల్యం లేని పెద్దవాళ్ల మీద 2015లో, 2017లో పేపర్లు ఇచ్చారు. నిద్ర డైరీ రాయించారు, కదలికలను కొలిచే చిన్న పరికరం వాచీలా చేతికి కట్టారు. మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లకు నిద్ర పట్టడానికి ఎక్కువసేపు పట్టింది, నిద్ర నాణ్యత తక్కువగా ఉంది. శరీర గడియారం లోకం గడియారానికి కలవకపోవడం కూడా వీళ్లలో ఎక్కువ, ఉద్యోగం లేనివాళ్లలో మరీ ఎక్కువ. ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నిద్ర సరిగా లేక ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోయాక పొద్దున లేవడానికి కారణం పోతుంది. దాంతో నిద్ర ఇంకా పక్కకు జరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ లేని లూప్.

అసలు నిద్ర ఎలా వస్తుందో తెలిస్తే మిగతాది సులువు. 1982లో అలెగ్జాండర్ బోర్బేలీ అనే శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది. ఒకేసారి రెండు పనులు జరుగుతుంటాయి. మొదటిది నిద్ర ఒత్తిడి. మేలుకుని ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అది ఎంత పేరుకుంటే అంత నిద్రమత్తు. కణాలు శక్తి కోసం వాడే ఏటీపీ పేరులో మొదటి ముక్క ఈ అడినోసినే. ఆ ఏటీపీ మీద 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పేపర్ ఇచ్చింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది కనిపెట్టాడు. మన క్యాంటీన్ చాయ్‌లో ఉండే కెఫీన్ చేసేదల్లా అడినోసిన్ కూర్చోవాల్సిన కుర్చీలో తను కూర్చోవడం. అడినోసిన్ ఎక్కడికీ పోదు, బయట నిలబడి ఉంటుంది. కెఫీన్ సగం తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. కాబట్టి సాయంత్రం ఆరింటి చాయ్ పదకొండింటికి కూడా సగం లోపలే ఉంటుంది.

రెండోది గడియారం. కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటుకు కాస్త పైన, దాదాపు 20,000 కణాల చిన్న గుంపు ఉంది. షెడ్యూల్ ప్రకారం నడిచే క్రాన్ జాబ్ లాంటిది. దాని రోజు సరిగ్గా 24 గంటలు కాదు, చాలామందిలో కొన్ని నిమిషాలు ఎక్కువ. అందుకే దాన్ని రోజూ వెలుగుతో సరిచేయాలి. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్ రావాలని చెప్పేది అదే. ఈ గడియారం కణం లోపల ఎలా తిరుగుతుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది.

ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి ఈ గడియారం దగ్గరే తేడా ఉంటుంది. మెలటోనిన్ తయారవడానికి కావలసిన ఒక జన్యువులో కొందరికి మార్పులున్నాయని 2008లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ బృందం చెప్పింది. అందరిలో కాదు, కొందరిలో. ఇంకో తేడా జ్ఞానేంద్రియాల దగ్గర. ఒకే శబ్దం పదేపదే వస్తే మన మెదడు కాసేపటికి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందిలో ఆ మానేయడం అంత తేలిగ్గా జరగదు. ప్రతి చిన్న శబ్దం ఒక ఇంటరప్ట్, దాన్ని మాస్క్ చేసే వీలు తక్కువ. (మెదడు ప్రాసెసర్ కాదు, పోలిక ఇంతవరకే.) మూడోది నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది. ఆకలి, దాహం, అలసట లాంటి శరీరం లోపలి సంకేతాలు కొందరికి ఆలస్యంగా అందుతాయి. నిద్ర వస్తోందని తెలిస్తే కదా పడుకునేది! ఇష్టమైన పనిలో మునిగి ఉంటే మరీను. అన్న మాటల్లోనే: "నాకు నిద్రొస్తుందని తెల్వదు రా. కోపమొస్తుందని తెలుస్తది. తర్వాత ఎప్పుడో తెలుస్తది అది నిద్ర అని."

వీటికి తోడు ఆందోళన. పగలంతా మామూలుగా కనపడడానికి, ముఖం చూసి మాట్లాడడానికి, నవ్వాల్సిన చోట నవ్వడానికి పడ్డ శ్రమ రాత్రి పడుకున్నాక ఒక్కొక్కటిగా మళ్లీ నడుస్తుంది. "ఆ మాట అట్ల అన్ననా, తప్పుగ అనుకున్నడా" అని.

ఇప్పుడు సలహాల సంగతి. నెట్‌లో వెతికితే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. గది చల్లగా 18 డిగ్రీల్లో పెట్టుకోండి, నల్ల కర్టెన్లు వేయండి, బరువు దుప్పటి కప్పుకోండి, మంచాన్ని నిద్రకే వాడండి. సలహాలు తప్పేం కాదు. నిద్రపోవడానికి ముందు శరీరం లోపలి వేడి కొంచెం తగ్గాలి, అందుకే చల్లగా ఉండాలంటారు. కానీ మే నెలలో నల్లగొండలో అర్ధరాత్రి గోడ మీద చేయి పెడితే పెనం మీద పెట్టినట్టుంటుంది. గది 18 డిగ్రీలట!

బరువు దుప్పటి చదవగానే నాకు గొంగడి గుర్తొచ్చింది. మా పాలమూరు దిక్కు కురుమోళ్లు నేసే నల్ల ఉన్ని గొంగడి కూడా బరువుగానే ఉంటుంది, పైన కప్పుకుంటే ఎవరో పట్టుకున్నట్టే ఉంటుంది. 2014లో బ్రిటన్‌లో పాల్ గ్రింగ్రాస్ బృందం ఆటిజం ఉన్న అరవై మందికి పైగా పిల్లలతో బరువు దుప్పటిని పరీక్షించింది. కొలిస్తే నిద్ర పెరగలేదు, కానీ పిల్లలకూ తల్లిదండ్రులకూ మామూలు దుప్పటికన్నా అదే నచ్చింది. ఈ ఫలితాన్ని కొందరు ఫెయిల్ అంటారు. నాకైతే అలా అనిపించదు. నిద్ర పెరగకపోయినా మంచం మీద పడి ఉండే ఆ గంట హాయిగా గడిస్తే అదీ లెక్కే. అన్న డిసెంబర్‌లో గొంగడి కప్పుకున్నాడు. ఉన్ని గుచ్చుతోందని లోపల పాత నూలు చీర వేసుకున్నాడు. ఎండాకాలం అది ఎలాగూ కుదరదు, పెద్ద దిండు ఒకటి కాళ్ల మీద పెట్టుకుంటాడు.

మంచం నిద్రకే వాడాలన్నది 1972లో రిచర్డ్ బూట్‌జిన్ చెప్పిన పద్ధతి. నిద్రలేమికి మందుల కన్నా ముందు చేయాల్సిన చికిత్సలో ఇది ఇప్పటికీ భాగం. మంచం చూడగానే మెదడుకు నిద్రే గుర్తు రావాలన్నది ఆలోచన. మన హాస్టల్‌లో మంచమే టేబుల్, మంచమే డైనింగ్ హాల్, మంచమే క్యారమ్స్ క్లబ్. పెద్దమ్మ వాళ్ల ఇంట్లో ఉన్నది ఒక హాల్, ఒక గది. అన్నకు వేరే గది ఎక్కడి నుంచి వస్తుంది? చివరికి మంచం మార్చలేక బెడ్‌షీట్ మార్చారు. పగలు కూర్చునేటప్పుడు ఒకటి, రాత్రి తొమ్మిదిన్నరకు దాన్ని తీసి నీలం రంగుది. పద్ధతి మీద పట్టున్న మనిషికి ఇలాంటి గుర్తు బాగా పనిచేస్తుంది. మనకైతే రెండో రోజే మర్చిపోతాం.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ జరిగింది పొద్దున వెలుగు దగ్గర. పెద్దనాయిన ఆలోచన ఇది: "దాబా మీద పండుకోబెడ్తే పొద్దుగాల్నే ఎండ మొఖం మీద పడ్తది, వాడే లేస్తడు." వినడానికి బాగుంది. పొద్దున వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుందని సైన్స్ కూడా అంటుంది. అయితే ఏది పొద్దున? మన శరీరం వేడి రోజులో ఒకసారి అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది, మామూలుగా లేచే టైమ్‌కు రెండు మూడు గంటల ముందు. ఆ క్షణం తర్వాత పడే వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది. ఆ క్షణానికి ముందు పడే వెలుగు ఇంకా వెనక్కి నెడుతుంది. ఆరింటికి లేచేవాళ్లకు ఆ క్షణం మూడు, నాలుగు మధ్య వస్తుంది, కాబట్టి ఎండ ఎప్పుడు పడ్డా లాభమే. పదకొండింటికి లేచే అన్నకు ఎనిమిది, తొమ్మిది మధ్య వస్తుంది. మే నెలలో సూర్యుడు ఆరులోపే వస్తాడు. అంటే దాబా మీద పడే ఆ ఎండ అన్న శరీరానికి అర్ధరాత్రి వేసిన లైట్‌తో సమానం. వారం తర్వాత నాలుగింటి నిద్ర నాలుగున్నరకు పోయింది. "చూసినవా, వానికి ఎన్ని చేసినా అంతే" అన్నాడు పెద్దనాయిన. నిజానికి చేసింది తిరగబడింది.

కాగితం మీద గీతలు గీసి ఇది పెద్దనాయినకు చెప్పడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. ఆయన రైతు. కరెంటు వంతుల వారీగా వచ్చిన రోజుల్లో రాత్రి రెండింటికి మోటర్ పెట్టడానికి పొలం పోయినవాడు. పగలు పడుకుంటే ఊళ్లో ఏమనేవాళ్లో ఆయనకు బాగా తెలుసు. చివర్లో ఒకే మాట అన్నాడు: "అప్పుడు నాకు కరెంటు టైమ్ ఉండె, వీనికి లోపల్నే ఉందంటవ్." నా గీతల కన్నా అదే బాగుంది.

తర్వాత చేసింది పెద్ద విద్యేం కాదు. పదకొండింటికి లేచే మనిషిని పదింపావుకు లేపడం, లేవగానే అరగంట బయట వెలుగులో నడిపించడం, నాలుగైదు రోజులకోసారి పావుగంట ముందుకు జరపడం. రాత్రి తొమ్మిది తర్వాత ట్యూబ్‌లైట్ తీసేసి, కింద పెట్టిన పసుపు బల్బు. ఫ్యాన్ ఎప్పుడూ ఒకే స్పీడ్, ఎందుకంటే అన్నకు ఫ్యాన్ చప్పుడు గాలికి మాత్రమే కాదు, మిగతా చప్పుళ్లను కప్పడానికి కూడా. కరెంటు పోయినప్పుడు అన్న లేచేది ఉక్కపోతకు కాదు, ఆ చప్పుడు ఆగినందుకు. ఆపైన ఇన్వర్టర్ కీ కీ అంటుంది. దాని నోటికి టేప్ వేశారు. గణపతి నవరాత్రుల్లో, పెళ్లి డీజేల రోజుల్లో మాత్రం ఏ లెక్కా నిలబడదు. ఆ రోజుల్లో అన్న దేవరకొండ రోడ్డు దిక్కు చుట్టాల ఇంట్లో పడుకుంటాడు. ముందే తారీఖులు రాసుకుని పెట్టుకుంటాడు, హఠాత్తుగా చెబితే కుదరదు.

నిద్ర పక్కకు జరగడం ఒక్కటే కారణం అనుకోవద్దు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం, కాళ్లలో తిమ్మిరిగా ఉండి కదిలించాలనిపించడం (దీనికి కొన్నిసార్లు ఐరన్ తక్కువ కావడం కారణం), కడుపు సమస్యలు, వాడే మందులు, వీటిలో ఏదైనా ఉండొచ్చు. వీటిని చూడాల్సింది డాక్టర్. "ఆటిజం కదా, అట్లనే ఉంటది" అని ఎవరైనా అంటే అక్కడ ఆగిపోకుండా ఇవి ఒక్కొక్కటీ అడగాలి. ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛ రావడం మిగతావాళ్లకన్నా ఎక్కువ, నిద్ర తగ్గితే మూర్ఛ వచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి వాళ్లను నైట్ అవుట్‌కు లాగడం సరదా కాదు. మెలటోనిన్ మాత్రలు పిల్లల్లో పనిచేస్తాయని మంచి ఆధారాలున్నాయి, పెద్దవాళ్ల మీద అంత పని జరగలేదు. ఎంత వేసుకోవాలన్నదానితో పాటు ఏ టైమ్‌కు వేసుకోవాలన్నదీ ముఖ్యమే. సొంతంగా కొనుక్కుని మింగేది కాదు.

మనసు సంగతి ఇంకా బరువైనది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో దిగులు, ఆందోళన, చనిపోవాలన్న ఆలోచనలు మిగతావాళ్లలో కన్నా ఎక్కువ. నిద్ర చెడిపోతే ఇవి పెరుగుతాయి, ఇవి పెరిగితే నిద్ర చెడుతుంది. రెండో ఉద్యోగం పోయాక మూడు నెలలు అన్న ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మూడు నెలల గురించి ఇంతకన్నా రాయొద్దన్నాడు. మనలో ఎవరికైనా, మన రూమ్‌మేట్‌కైనా అలా ఉంటే 14416 గుర్తుపెట్టుకోండి. టెలి మానస్ అంటారు, 2022లో మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పుడు అన్నకు ఒకటిన్నరకు నిద్రపడుతోంది. తొమ్మిదింటికి లేస్తున్నాడు. పది గంటలకు పడుకుని ఐదింటికి లేచే మనిషి కాలేదు, అవుతాడని నేను అనుకోను కూడా. ఒక జిరాక్స్ షాపులో పదకొండు నుంచి రాత్రి ఎనిమిది దాకా పని. పొద్దున షాపు తెరిచే కుర్రాడికి సాయంత్రం కోచింగ్ ఉంది, ఓనర్ ఇద్దరి టైమ్‌లూ మార్చేశాడు. అంతకుముందు రెండు చోట్ల ఎవరూ అడగని ప్రశ్న ఆయన అడిగాడట: "నీకు ఎన్నింటికి అయితే మంచిగుంటది?"

ఇక మన హాస్టల్. నలుగురుండే రూమ్‌లో ఒక్కరికి వెలుగు పడకపోయినా, చప్పుడు పడకపోయినా అతనే అడ్జస్ట్ కావాలని మనకు అలవాటు. ఆటిజం ఉన్నదీ లేనిదీ అతనికే తెలియకపోవచ్చు, మనకు చెప్పాల్సిన అవసరమూ లేదు. మా రూమ్‌లో ఒకడికి ట్యూబ్‌లైట్ ఉంటే నిద్ర రాదు, ఇంకొకడు రెండింటిదాకా చదువుతాడు. నలుగురం పైసలు వేసుకుని క్లిప్‌తో పట్టుకునే ఒక చిన్న ల్యాంప్ కొన్నాం. పదకొండు దాటితే ట్యూబ్‌లైట్ బంద్, చదివేవాడు ల్యాంప్ కింద చదువుకుంటాడు. స్విచ్ ఆపే డ్యూటీ ఈ వారం నాది.